జియు-జిత్సులో గార్డ్ ఎందుకు నిలవదు?

"ప్రత్యర్థి నా కాళ్లు పక్కకు తోసి చుట్టూ వచ్చేస్తున్నాడు, గార్డ్ ఎలా నిలుపుకోవాలి?" అని అడిగారు. జియు-జిత్సు కుస్తీలాంటి పట్ల క్రీడ; అందులో వెల్లకిలా ఉండి, కాళ్లను ప్రత్యర్థికీ మనకీ మధ్య అడ్డుగా ఉంచడమే గార్డ్. చాలామంది కాళ్లలో బలం చాలడం లేదనుకుంటారు. నా ఉద్దేశంలో అసలు లోపం తుంటి దగ్గర ఉంటుంది. వీపంతా నేలకు ఆనించి పడుకుంటే తుంటి తిరగదు, కాళ్లు ఎంత ఆడించినా లాభం లేదు.

అతను మీ రెండు కాళ్లూ పట్టి ఎడమకు తోసి, మీ కుడివైపు వస్తున్నాడనుకోండి. వెంటనే కుడి ముంజేయి అతని భుజానికి అడ్డం పెట్టండి. ఆ ఆసరాతో తుంటిని వెనక్కి జరిపి అతనికి ఎదురుగా తిరగండి. కుడి మోకాలిని ఛాతీ వైపు లాక్కుని, పిక్కను అతనికీ మీకూ మధ్య దూర్చండి. మోకాలికీ మోచేతికీ మధ్య సందు ఇవ్వకూడదు, అతను దూరేది అక్కడే. చేతులు బారుగా చాచి తోయకండి, ఆర్మ్‌బార్‌కు (చేతిని చాపి మోచేతిని విరిచే పట్టు) దొరికిపోతారు.

ఇదంతా అతని ఛాతీ మీ ఛాతీ మీద పడకముందే జరగాలి. అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిత్సు సమాఖ్య (ఐబీజేజేఎఫ్) నియమాల్లో టేక్‌డౌన్‌కు, అంటే నిలబడ్డ ప్రత్యర్థిని కింద పడేస్తే, 2 పాయింట్లు, గార్డ్ దాటి 3 సెకన్లు నిలిస్తే 3. అందుకే కింద పడేటప్పుడే కాళ్లు మధ్యలో ఉంచుకోండి. తర్వాత స్వీప్ చేస్తే, అంటే గార్డ్ నుంచి అతన్ని తిప్పి మీరు పైకి వస్తే, ఆ 2 పాయింట్లూ సమం చేయొచ్చు.