పల్లంలో ఎర్ర జిగురు మొక్క: కలుపేనా?

ప్రశ్న: మా చేను పక్క పల్లంలో వానలు పడినన్నాళ్లూ చెమ్మ ఆరదు. ఆ గడ్డిలో బెత్తెడు ఎత్తున ఎర్రటి మొక్కలు మొలిచాయి. దారాల్లాంటి ఆకుల మీద మంచు బొట్లు మిట్టమధ్యాహ్నమైనా ఆరడం లేదు. దోమలు అతుక్కుని ఉన్నాయి. పూలు గులాబీ రంగు. ఇదేం మొక్క? చేలోకి పాకుతుందా? కలుపు మందు కొట్టాలా?

జవాబు: మందు కొట్టకండి. మీరు చెప్పిన వాటిలో అసలు గుర్తు ఆ ఆరని బొట్టు. అది మంచు కాదు, జిగురు. ఆకు వెంట్రుకల కొసన ఉండే గ్రంథుల నుంచి ఊరుతుంది. దోమ వాలి ఇరుక్కుంటే చుట్టూ ఉన్న వెంట్రుకలు దాని మీదికి వంగుతాయి. దోమ అరిగి మొక్కకు నత్రజని అవుతుంది. సారం లేని తడి నేలలో ఇది బతికే ఉపాయం ఇదే. అంటే ఇది పురుగులు తినే మొక్కల ప్రజాతి డ్రోసెరాలోది. కుటుంబం డ్రోసెరేసీ. క్రమం (కొన్ని కుటుంబాలను కలిపిన పెద్ద గుంపు) చూస్తే మాత్రం మన తోటకూరకు దూరపు చుట్టం, నమ్మండి!

ఇక ఏ డ్రోసెరా? ఆకులు నేలకు అతుక్కుని చక్రంలా పరుచుకుంటే డ్రోసెరా బర్మన్నై. కాండం నిలువుగా, ఆకులు సన్నగా పొడవుగా ఉండి, లేత ఆకు కొస చుట్ట చుట్టుకుంటే డ్రోసెరా ఇండికా. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో పెట్టిన పేరది. మీది ఇదేననిపిస్తోంది.

రంగు చూసి మాత్రం తేల్చకండి. ఎండలో ఎర్రబడే మొక్కే నీడలో పచ్చగా ఉంటుంది. ఇండికా పూలు తెల్లగానూ పూస్తాయి. ఎండగా ఉన్నప్పుడు విచ్చిన పువ్వును భూతద్దంతో చూడండి. రేకులు అయిదు, కేసరాలు అయిదు, రెండింటిలోనూ అంతే. తేడా అండాశయం (విత్తనాలు కట్టే భాగం) మీది కీలాల్లో, అంటే సన్నటి కాడల్లో ఉంది. బర్మన్నైలో అయిదు, చీలిక ఉండదు. ఇండికాలో మూడే, కానీ ఒక్కొక్కటి మొదలు దాకా రెండుగా చీలుతుంది. అందుకే లెక్కపెడితే ఆరు వస్తాయి, కంగారు పడకండి.

చేలోకి పాకుతుందన్న భయం అక్కర్లేదు. ఎరువు పడిన నేలలో గడ్డి ఏపుగా పెరిగి దీన్ని కమ్మేస్తుంది. ఇండికా ఆఫ్రికా, ఆసియాల్లో ఉన్నదే. అయినా పల్లాలను పూడ్చినచోట, కాలువ తీసి నీటిని బయటికి పంపేసినచోట కనబడకుండా పోతుంది. యూరియా నీళ్లు అటు పారనివ్వకండి. పీకి కుండీలో పెట్టాలనీ చూడకండి. ఏడాది మొక్క, ఎలాగూ ఎండిపోతుంది. విత్తనం రాలితే చాలు, వచ్చే వానలకు అక్కడే మొలుస్తుంది. ఫొటో పంపేటప్పుడు పువ్వు పక్కన స్కేలు పెట్టి, ఆకు మొదలు కూడా కనబడేలా తీయండి. బర్మన్నైలో అక్కడ పల్చటి పొర ఉంటుంది, ఇండికాలో ఉండదు.