‘ఎన్జీవోలో ఏదో పని’ అంటే ఉద్యోగం కాదా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ అగ్రికల్చర్ చేసి రెండేళ్లుగా ఉట్నూరులో ఒక ఎన్జీవోలో రైతు సంఘాలతో ఏదో పని చేస్తోంది. జీతం 24 వేలు. ఇప్పుడు రూరల్ మేనేజ్‌మెంట్ చదువుతానంటోంది. మామూలు ఎంబీఏ చెయ్యమని మేమంటున్నాం. సంబంధాలవాళ్లు ‘అయితే ఉద్యోగం ఇంకా రాలేదా’ అని అడుగుతున్నారు. రెండింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: పోలికకు తర్వాత వస్తాను. మీ ఉత్తరంలో ‘ఏదో పని’ అన్న ముక్క దగ్గరే ఆగిపోయాను. రెండేళ్లయింది కదండీ, ఒక్కసారైనా ఉట్నూరు వెళ్లి చూశారా? పొరుగింటి అబ్బాయి గచ్చిబౌలిలో ఏ కంపెనీలో, ఏ ప్రాజెక్టులో ఉన్నాడో గుక్క తిప్పుకోకుండా చెప్పే తండ్రులు, కూతురి విషయానికొచ్చేసరికి ‘ఏదో’ అంటారు. మీరే అలా అంటే సంబంధాలవాళ్లు ఇంకేమంటారు?

సేవకు మేనేజ్‌మెంట్ ఎందుకన్న అనుమానం మీకూ ఉన్నట్టుంది. నాకు తెలిసిన ఒక చిన్న సంస్థ సంగతి చెబుతాను. బడి మానేసిన పిల్లలతో మంచి పని చేసేది. మార్చి నెలాఖరున వెళితే, బిల్లులన్నీ ఒక బిస్కెట్ల అట్టపెట్టెలో ఉన్నాయి. ఆటో ఖర్చు చీటీల మీద తేదీల్లేవు. గ్రాంటు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ టైముకు ఇవ్వలేక మరుసటి ఏడాది గ్రాంటు పోయింది, ముగ్గురు టీచర్లు ఇంటికెళ్లారు. మనసు మంచిదే, లెక్క రాలేదు. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల చట్టం మార్చాక ఇది ఇంకా బిగిసింది. విదేశీ నిధుల్లో ఆఫీసు ఖర్చు 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. పెద్ద సంస్థ తెచ్చుకున్న ఆ డబ్బు చిన్న సంస్థకు పంచే దారి కూడా మూసేశారు. ఇప్పుడు ఎవరి నిధులు వాళ్లే తెచ్చుకోవాలి, ఎవరి లెక్క వాళ్లే చెప్పుకోవాలి. అది వచ్చినవాళ్లకు గిరాకీ ఉంది.

మీ అమ్మాయి చూసే రైతు సంఘాల సంగతీ అంతే. కేంద్రం 2020లో పదివేల ఎఫ్‌పీఓల (రైతు ఉత్పత్తిదారుల సంఘాల) పథకం పెట్టి, ఒక్కోదానికి మూడేళ్లలో 18 లక్షల వరకు నిర్వహణ ఖర్చు ఇస్తానంది. నాలుగో ఏడు సీఈఓ జీతం ఎక్కణ్నుంచి? కందులు కొని, అమ్మి, మిగుల్చుకుంటేనే. అది నేర్చుకుంటానని పిల్ల అడుగుతోంది.

నాకు గుబులు పుట్టించేది వేరే ఉంది. ‘సోషల్ లీడర్‌షిప్’, ‘ఇంపాక్ట్’ అంటూ వారాంతపు సర్టిఫికెట్ కోర్సులు పుట్టగొడుగుల్లా వస్తున్నాయి. నాలుగు ఆన్‌లైన్ క్లాసులు, ఒక గ్రూప్ ఫొటో, లింక్డ్‌ఇన్‌లో ‘ఫౌండర్’. ఊళ్లో మహిళా సంఘం మీటింగు చివరిదాకా కూర్చోనివాళ్లు సంస్థ ఏం నడుపుతారు? ఫెలోషిప్ అంటే సరే, రెండేళ్లు బడిలోనో ఊళ్లోనో ఉంచితే ఎంతో కొంత వంటబడుతుంది. మీ అమ్మాయికి ఆ రెండేళ్లు ఇప్పటికే ఉన్నాయి. ఎవరైనా అలాంటి సర్టిఫికెట్‌కు లక్ష అడిగితే కట్టకండి.

పెద్ద కోర్సుల మీదా నాకో సందేహం ఉంది. అమూల్ కురియన్ 1979లో గుజరాత్‌లోని ఆనంద్‌లో పెట్టిన రూరల్ మేనేజ్‌మెంట్ సంస్థ ఇర్మా ఈ చదువుకు పెద్దపేరు. 2025లో అది త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయంలో భాగమైంది. ఫీజు పది లక్షలు దాటుతుంది. లోను తీసుకుని చేరి, ఈఎంఐ కోసం ప్రైవేటు బ్యాంకులో తేలినవాళ్లు నాకు తెలుసు. తప్పేం లేదు, కానీ దానికి మామూలు ఎంబీఏ చాలు. ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ టిస్‌లో ఖర్చు బాగా తక్కువ, సామాజిక అవగాహన గట్టిగా వస్తుంది, అయితే బ్యాలెన్స్ షీటు ఎక్కువగా సొంతంగా నేర్చుకోవాల్సిందే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఎన్‌ఐఆర్‌డీపీఆర్‌నూ చూడమనండి, ఇంటికి దగ్గర. మామూలు ఎంబీఏ ఆమె ఇష్టపడితేనే. మీకోసం చేస్తే రెండేళ్లూ, డబ్బూ వృథా.

జీతం గురించి టెన్షన్ పడకండి. కోటీశ్వరురాలు కాదు, నిజమే. కానీ 2014 నుంచి పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత పనులకు, అంటే సీఎస్ఆర్‌కు ఖర్చుపెట్టాల్సిందే, ఆ పని చూడటానికి ఊళ్లు తెలిసినవాళ్లు కావాలి. ప్రభుత్వ గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్ ఉంది. మీ మండల సమాఖ్య ఆఫీసులో దాని ఏపీఎం (అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్) ఉంటారు, వెళ్లి ఒక అరగంట మాట్లాడండి. అనంతపురంలో స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ 1969 నుంచి నడుస్తోంది, అంతకాలం ఎవరో ఒకరు ఉద్యోగంగానే కదా దాన్ని నడిపింది! రెండేళ్లు ఫీల్డులో నిలబడ్డ పిల్ల దారి తప్పదు, ఆ భయం వదిలేయండి.

సీటు వచ్చాక ఫీజు, లోను, నెల కిస్తీ కాగితం మీద వేసి మళ్లీ రాయండి, కలిసి చూద్దాం. ఈలోగా సంఘం మీటింగు ఏ రోజో అమ్మాయిని అడిగి, ఆ రోజు ఉట్నూరు బస్సెక్కండి.