పదో పెళ్లిరోజు డిన్నర్‌కి కార్డు ఈఎంఐ మంచిదా, లోన్ యాప్ మంచిదా?

శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీలో పనిచేసే పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. కాస్త కుదించి పెడుతున్నాను.

"నాకు 34 ఏళ్లు, తిరుపతిలో అద్దెకుంటాం. ఓటీ (ఓవర్‌టైం)తో కలిపి చేతికి 62 వేలు వస్తుంది, మా ఆవిడ ప్రైవేట్ స్కూల్లో టీచర్, 14 వేలు. బాబు ఒకటో క్లాసు. మూడేళ్ల కిందట మా జపాన్ మేనేజర్ టీమ్ మొత్తాన్ని చెన్నైలో ఒక ఫైవ్ స్టార్ హోటల్లో ఉండే జపనీస్ స్టీక్ రెస్టారెంట్‌కి తీసుకెళ్లాడు, మన ముందే ఇనప పెనం మీద వండి పెడతారు. అది బాగా నచ్చి అప్పట్నుంచి పుట్టినరోజులకి, పెళ్లిరోజుకి, న్యూ ఇయర్‌కి మేం ముగ్గురం అక్కడికే వెళ్తున్నాం, ఒక్కోసారి 14 వేల దాకా అవుతుంది. వచ్చే నెల పదో పెళ్లిరోజు. ఈసారి అమ్మానాన్న, అత్తామామ, బావమరిది కూడా, మొత్తం 8 మంది. మనిషికి 5,500 సెట్ మెనూ అంటే 44 వేలు. కార్డులో ఇంకా 64 వేల లిమిట్ ఉంది, ఈఎంఐ పెట్టుకోవచ్చు. లోన్ యాప్‌లో 75 వేలు ప్రీ అప్రూవ్డ్ కూడా ఉంది. ఏది బెటర్?"

రెండూ వద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మీరు డిన్నర్ గురించి అడిగారు గానీ దాని కింద రాసిన మిగతా లెక్కలు చూస్తే నాకు భయమేసింది, ఇదే పరిస్థితిలో ఉన్నవాళ్లు మన వైపు చాలామంది ఉన్నారు, వాళ్లెవరికీ తాము అప్పుల్లో ఉన్నామని అనిపించదు కూడా. అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను.

మీ లెక్కలు పాఠకుల కోసం చెప్తాను. అద్దె 13 వేలు, కారు ఈఎంఐ 11,400, పర్సనల్ లోన్ 6,800, చీటీ 5 వేలు, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే సిప్ 4 వేలు. కార్డు మీద బాకీ 86 వేలు, దానికి నెలనెలా 4,500 కడుతున్నారు. సేవింగ్స్ అకౌంట్లో 9 వేలు. ఎమర్జెన్సీ ఫండ్ ఉందా అన్నచోట "కార్డు లిమిట్ ఉంది" అని రాశారు.

నా బాధంతా ఆ ఒక్క మాట దగ్గరే.

కార్డు లిమిట్ మీ డబ్బు కాదండీ. అది బ్యాంకు మీకు ఇస్తానంటున్న అప్పు, అదీ నెలకి మూడున్నర శాతం వడ్డీకి, అంటే ఏడాదికి 42 శాతం. మీరు పంపిన స్టేట్‌మెంట్‌లోనే ఆ రేటు ఉంది చూడండి. 86 వేల మీద నెల వడ్డీ 3,010 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 542, మొత్తం 3,552. మీరు కట్టే 4,500లో అసలుకి పోయేది 948 రూపాయలే. మీరేమో నెలనెలా కరెక్ట్‌గా కడుతున్నాను, ఒక్క డ్యూ కూడా మిస్ అవ్వలేదు అని రాశారు, నిజమే, ఆ క్రమశిక్షణ మీకుంది, కానీ ఆ డబ్బులో మూడొంతులకి పైగా వడ్డీకీ పన్నుకే పోతోంది. పైగా పాత బాకీ పూర్తిగా తీర్చకపోతే కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా ఉండదు, అంటే ఇప్పుడు మీరు ఆ కార్డుతో కొట్టించే పెట్రోలుకి కూడా కొట్టించిన రోజు నుంచే వడ్డీ పడుతోంది.

ఇప్పుడు డిన్నర్ లెక్క. మీరు 44 వేలు అన్నారు, అది బిల్లు కాదు. రోజుకి 7,500 పైన రూమ్ రేటు ఉండే హోటల్ లోపలి రెస్టారెంట్ అయితే జీఎస్టీ 18 శాతం, బయట మామూలు రెస్టారెంట్లలాగా 5 శాతం కాదు. అంటే 51,920. దానిపైన పది శాతం సర్వీస్ ఛార్జ్ వేస్తే 57 వేలు దాటుతుంది. ఆ సర్వీస్ ఛార్జ్ మాత్రం కట్టి తీరాల్సింది కాదు, దాన్ని బిల్లులో వాళ్లంతట వాళ్లు కలపకూడదని 2022లోనే కేంద్ర వినియోగదారుల సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది, కాబట్టి తీసేయమని అడగడానికి మొహమాటపడకండి. జ్యూసులూ డ్రింకులూ సెట్ మెనూలో ఉండకపోతే అవి వేరే. ఎనిమిది మందీ పట్టే బండి అద్దె, టోల్, డ్రైవర్ బత్తా అన్నీ వేసుకుంటే మొత్తం 60 వేలు దాటి 65 వేల దగ్గరికి వస్తుంది. మీ కార్డులో మిగిలింది 64 వేలు. మీరే ఎమర్జెన్సీకి అని చెప్పుకుంటున్న ఆ లిమిట్ మొత్తం ఒక్క రాత్రిలో అయిపోతుంది.

ఆ మర్నాడు ఏదైనా జరిగితే? మీ నాన్నగారికి 61 ఏళ్లు, పలమనేరులో ఉంటారు, షుగరూ బీపీ రెండూ ఉన్నాయి, మీ కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఆయన పేరు లేదు. మన చిత్తూరు వైపు రాత్రిపూట గుండెల్లో నొప్పి వస్తే కారెక్కించి వేలూరుకో తిరుపతికో పరిగెడతాం. ప్రైవేట్ హాస్పిటల్ అయితే అడ్మిషన్ దగ్గర ముందు అడ్వాన్స్ అడుగుతారు. ఇన్సూరెన్స్ ఉన్నా సరే అప్రూవల్ వచ్చేలోపు టెస్టులకీ మందులకీ చేతిలో డబ్బు ఉండాలి. ఆ టైంలో 9 వేల బ్యాలెన్సు, నిండిపోయిన కార్డు పెట్టుకుని మీరేం చేస్తారు? ఆ లోన్ యాపే ఓపెన్ చేస్తారు, లేకపోతే మీ ఆవిడ మెడలోది కుదవ పెడతారు. ఇలా మొదలైన అప్పులు ఐదారేళ్లు తీరక నలిగిపోయిన కుటుంబాలను నేను దగ్గరగా చూశాను, వాళ్లెవరూ దుబారా మనుషులు కాదు, మీలాగే బాధ్యత ఉన్నవాళ్లే.

ఇంకొకటి, మీ 62 వేలలో ఓటీ ఎంత అని చూస్తే 9 వేలు. ఆర్డర్లు తగ్గిన నెల ఫ్యాక్టరీలో ముందు ఆగేది ఓటీనే. ఇలాంటి జీతం ఉన్నవాళ్లకి ఎమర్జెన్సీ ఫండ్ మిగతావాళ్ల కన్నా ఎక్కువ కావాలి.

ఈఎంఐ గురించి ఒక్క మాట. ఫోన్లకీ ఫ్రిజ్‌లకీ వచ్చే నో కాస్ట్ ఈఎంఐలో ఆ వడ్డీని అమ్మేవాళ్లు డిస్కౌంట్ రూపంలో భరిస్తారు, తిన్న బిల్లుని తర్వాత ఈఎంఐగా మార్చుకుంటే ఆ వడ్డీ భరించేది మీరే. 57 వేలు పన్నెండు నెలలకి 16 శాతం మీద పెట్టినా నెలకి సుమారు 5,200, వడ్డీ, వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు కలిపి ఆరు వేల పైనే అదనం, అది తీరేదాకా ఆ మేరకి లిమిట్ కూడా బ్లాక్ అయి ఉంటుంది. పదకొండో పెళ్లిరోజు నాటికి కూడా పదో పెళ్లిరోజు బిల్లు కడుతూనే ఉంటారు.

ఇక ఆ యాప్. దాన్ని ఈరోజే ఫోన్‌లోంచి తీసేయండి. ప్రీ అప్రూవ్డ్ అనేది మీ స్తోమత చూసి ఎవరో ఇచ్చిన సర్టిఫికెట్ అనుకోకండి. 75 వేలు అని చూపించి ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుని చేతికి తక్కువ ఇస్తారు, వడ్డీ మాత్రం 75 వేల మీద లెక్కేస్తారు. భోజనం కోసం అప్పు చేయడం నాకు ఏ రకంగానూ సమ్మతం కాదు, ఎంత మంచి రోజైనా సరే, ఎంత చిన్న ఈఎంఐ అయినా సరే.

మీ అసలు పొరపాటు అక్కడ తినడం కాదు. ఇది స్పష్టంగా చెప్పాలి ఎందుకంటే కొందరు చదివి "మధ్యతరగతి వాళ్లకి ఇవన్నీ ఎందుకు" అంటారు. ఏం, ఎందుకు వద్దు? ఒక వంటమనిషి ఏడెనిమిది మంది ముందు నిలబడి గంటన్నర, రెండు గంటలు వాళ్ల కోసమే వండుతాడు, ఆ టైంకి, ఆ నైపుణ్యానికే అంత ధర. జపాన్‌లోని కోబే నగరంలో మిసోనో అనే రెస్టారెంట్ 1945లో మొదలుపెట్టిందని చెప్పే పద్ధతి అది, మీ మేనేజర్ దాన్ని మీకు గౌరవంగా పరిచయం చేశాడు, మీరు మీ ఆవిడకి చూపించారు, సంతోషం. పొరపాటు ఎక్కడంటే, పెళ్లిరోజు ఏ తేదీన వస్తుందో పదేళ్లుగా తెలుసు, పుట్టినరోజులు తెలుసు, న్యూ ఇయర్ తెలుసు. ఏడాదికి ఐదుసార్లు 14 వేల చొప్పున 70 వేలు. తేదీతో సహా తెలిసిన ఖర్చుకి పైసా పక్కన పెట్టకుండా ప్రతిసారీ అనుకోకుండా వచ్చిన ఖర్చులాగా కార్డు గీకారు. మీ 86 వేల బాకీలో ఎక్కువ భాగం ఎక్కణ్ణుంచి వచ్చిందో పాత స్టేట్‌మెంట్లు తీసి మీరే కూడుకోండి.

ఇప్పుడు చేయాల్సింది. మీ చీటీ లక్ష రూపాయలది, 20 నెలలు, 13 నెలలు కట్టారు, ఇంకా పాడలేదు, కంపెనీ చీటీయే కాబట్టి రిజిస్టర్డ్ అయ్యుంటుంది, అయినా ఒకసారి చూసుకోండి. వచ్చే పాటలో ఎత్తేయండి. ష్యూరిటీ అడుగుతారు, పే స్లిప్పులు రెడీగా పెట్టుకోండి. 85, 90 వేలు ఎంత వచ్చినా నేరుగా కార్డుకి కట్టి బాకీ సున్నా చేయండి. ఆ డబ్బుతో హారం చేయిద్దామనుకున్నామని రాశారు, మీ ఆవిడతో కూర్చుని ఈ 42 శాతం లెక్క చూపించండి, ఆవిడ టీచర్, మీకన్నా ముందే అర్థం చేసుకుంటారు. కార్డు రద్దు చేయక్కర్లేదు గానీ ఆటో డెబిట్‌ని మినిమం డ్యూ నుంచి టోటల్ డ్యూకి మార్చండి.

సిప్ రెండేళ్లుగా కడుతున్నారు, దాన్ని ఆరు నెలలు ఆపండి. సిప్ ఆపమంటే చాలామంది నా మీద కోప్పడతారు, కానీ ఒకవైపు 42 శాతం వడ్డీ కడుతూ ఇంకోవైపు మార్కెట్ 12 శాతం ఇస్తుందని ఆశపడటంలో అర్థం లేదు. ఏడాది దాటిన యూనిట్లలోంచి 50 వేలు తీసి ఈరోజే ఎమర్జెన్సీ ఫండ్ మొదలుపెట్టండి. కార్డుకి కట్టే 4,500, సిప్ 4 వేలు, రెండూ కలిపి నెలకి 8,500 అందులో వేస్తే ఆరు నెలల్లో లక్ష దాటుతుంది. ఏడు నెలల్లో చీటీ కట్టుబడి కూడా అయిపోతుంది కాబట్టి ఆ 5 వేలు కూడా అటే మళ్లించండి. మీ ఇంటికి ఈఎంఐలతో సహా నెలకి తప్పనిసరి ఖర్చు 56 వేల దాకా ఉంది, ఆరు నెలలకంటే 3 లక్షల 36 వేలు, ఆరు నెలల తర్వాత సిప్ మళ్లీ మొదలుపెట్టినా రెండున్నర, మూడేళ్లలో అక్కడికి చేరతారు. జీతం పడే అకౌంట్లో కాకుండా వేరే బ్యాంకులో, యూపీఐ లింక్ లేని అకౌంట్లో ఎఫ్‌డీగా పెట్టండి, కొంత లిక్విడ్ ఫండ్‌లో పెట్టుకున్నా ఫర్వాలేదు. ఆ అకౌంట్ వివరాలు మీ ఆవిడకి కూడా తెలియాలి, మీరు షిఫ్ట్‌లో ఫోన్ ఎత్తలేని టైంలోనే అవసరం రావచ్చు.

నాన్నగారికి హెల్త్ పాలసీ ఈ నెలలోనే చూడండి. షుగర్, బీపీ దాచకుండా రాయండి, దాస్తే రేపు క్లెయిమ్ రాదు. ముందునుంచి ఉన్న జబ్బులకి వెయిటింగ్ ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు, అది మీరు పాలసీ తీసుకున్న రోజు నుంచి మొదలవుతుంది, ఆలస్యం చేసిన ప్రతి నెలా నష్టమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు. మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకి డబ్బు అందేలా మీ పేరు మీద టర్మ్ పాలసీ కూడా కావాలి. బంగారు లోన్ గురించి అడిగారు, డిన్నర్‌కైతే అదీ వద్దు.

మరి పెళ్లిరోజు? వెళ్లండి, మీరూ, మీ ఆవిడా, బాబూ, మధ్యాహ్నం లంచ్‌కి. జపాన్‌లో కూడా ఖరీదైన స్టీక్ హౌసుల్లో లంచ్ సెట్ డిన్నర్ కన్నా చాలా తక్కువకి వస్తుంది, అదే పెనం, అదే చెఫ్. మీరు వెళ్లే చోట లంచ్ సెట్ ఉందేమో ఫోన్ చేసి కనుక్కోండి. అక్కడ కోబే స్టీక్ కూడా ఉందట అని రాశారు, మన దేశంలోకి బీఫ్ దిగుమతే నిషేధం, జపాన్‌లోని హ్యోగో ప్రాంతపు తజిమా జాతి పశువుల మాంసమైతేనే అది కోబే, కాబట్టి ఆ పేరు చూసి ఎక్కువ పెట్టకండి, పైగా మీరు బీఫ్ తినం, రొయ్యలూ చికెనే తీసుకుంటాం అన్నారు. ఈ నెల ఓటీ డబ్బుతో ముగ్గురికీ సరిపోతే సరే, సరిపోకపోతే ఈ ఏడాదికి ఆపండి.

పెద్దవాళ్లని తీసుకెళ్లాలన్న మీ కోరిక మంచిదే. కానీ మీ అత్తగారు శాకాహారం అని రాశారు కదా, రొయ్యలు వేయించిన పెనం మీదే ఆవిడకి కూరగాయలు వేస్తే ఆవిడ తినగలరా అనేది ఆలోచించారా? ఆ రోజు సాయంత్రం అందర్నీ ఇంటికి పిలిచి భోజనం పెట్టండి, రాగి సంగటి, నాటుకోడి, అత్తగారికి వేరుగా పప్పూ వంకాయా, మూడు నాలుగు వేలతో అయిపోతుంది, ఎనిమిది మందీ తృప్తిగా తింటారు.

ఎమర్జెన్సీ ఫండ్ లక్ష దాటాక నెలకి 1,500 వేరే ఆర్‌డీ వేయండి, ఏడాదికి 18 వేలు, దాంతో ఐదుసార్లు కాకుండా రెండుసార్లు లంచ్‌కి వెళ్లొచ్చు. టేబుల్ బుక్ చేసేటప్పుడే పన్నులతో కలిపి మనిషికి ఎంతో, బాబుకి హాఫ్ ఉందో లేదో అడిగి రాసుకోండి, ఆ మొత్తం ఆర్‌డీలో ఉంటేనే బుక్ చేయండి.