టెక్ సందేహాలు: ఇంట్లో ఆఫీసుకు ముందు కరెంటు, నెట్

ఇంటి నుంచి పని చేసే పాఠకులు ఈసారి పంపిన ప్రశ్నల్లో చాలావరకు ఏ కుర్చీ కొనాలి, ఏ మానిటర్ మంచిది, ఏ వెబ్‌క్యామ్‌లో ముఖం స్పష్టంగా కనిపిస్తుంది అన్నవే. అవి అనవసరమని నేను అనను. అయితే బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్న కంపెనీకి కావలి నుంచో పొదిలి నుంచో పని చేసేవారు పైవాళ్ల చేత మాట పడేది కుర్చీ వల్ల కాదు. మీటింగు మధ్యలో గొంతు తెగిపోవడం వల్ల, కరెంటు పోయి సిస్టమ్ ఆగిపోవడం వల్ల. అందుకే చేతిలో ఎంత డబ్బు ఉన్నా మొదటి ఖర్చు కరెంటు మీద, రెండోది ఇంట్లో నెట్ నిలకడగా అందడం మీద పెట్టి, మిగిలిన దానితోనే సామాను కొనుక్కోవాలన్నది నా అభిప్రాయం. ఆ రెండు ప్రశ్నలకే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది కావలిలో మేడ ఇల్లు. ఫైబర్ రౌటర్ కింద హాల్లో టీవీ పక్కన ఉంది, నేను పైగదిలో కూర్చుని పని చేస్తాను. 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నా టీమ్స్ కాల్స్‌లో నా మాట తెగిపోతోందని అంటున్నారు. 300 ఎంబీపీఎస్‌కు మారాలా, వైఫై రిపీటర్ కొనాలా? (ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

జవాబు: ప్లాన్ మార్చవద్దు. ఒక వీడియో కాల్‌కు రెండు వైపులా 3 నుంచి 4 ఎంబీపీఎస్ నిలకడగా అందితే చాలు. స్పీడ్ టెస్ట్ చూపించేది కొన్ని సెకన్లలో వచ్చిన వేగం. మాట తెగిపోవడానికి కారణం మధ్యమధ్య అర సెకనో ఒక సెకనో డేటా నిలిచిపోవడం. అది మీ ఇంట్లో జరుగుతోందా, బయటి లైనులో జరుగుతోందా అన్నది ముందు తేల్చుకోవాలి.

అందుకు విండోస్‌లోని కమాండ్ ప్రాంప్ట్‌ను రెండుసార్లు తెరిచి, ఒకదానిలో మీ రౌటర్ చిరునామాకు (చాలా ఇళ్లలో అది 192.168.1.1), రెండోదానిలో గూగుల్ సర్వరైన 8.8.8.8కు పింగ్ ఆదేశం (అవతలి నుంచి జవాబు ఎంతసేపట్లో వస్తోందో చూపించేది) ఇవ్వండి. ఆదేశం చివర హైఫన్, దాని పక్కనే ఇంగ్లిష్ టి అక్షరం చేరిస్తే మీరు ఆపేవరకు అది సాగుతూనే ఉంటుంది. వాటిని అలా నడవనిచ్చి ఒక కాల్ పూర్తిగా మాట్లాడండి. రౌటర్ నుంచి వచ్చే జవాబులు కూడా ఒకసారి 5 మిల్లీసెకన్లు, మరోసారి 300 మిల్లీసెకన్లు అంటూ ఊగుతుంటే లోపం మీ ఇంటి వైఫైలో ఉన్నట్టు. రౌటర్ జవాబులు స్థిరంగా ఉండి గూగుల్ జవాబులు మాత్రమే ఊగుతుంటే లోపం బయట ఉన్నట్టు. అప్పుడు ఆ తెరను ఫొటో తీసి మీకు నెట్ ఇచ్చిన ఆపరేటరుకు పంపండి. నెట్ నెమ్మదిగా ఉందని ఫోనులో చెప్పడం కంటే ఇది ఎంతో త్వరగా పని జరిపిస్తుంది.

మీరు రాసిన దాన్ని బట్టి చూస్తే లోపం వైఫైలోనే ఉండే అవకాశం ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది కానీ స్లాబును, ఇటుక గోడలను దాటలేక నీరసపడుతుంది, 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది కానీ చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లన్నీ అదే దారిలో ఉండటం వల్ల రద్దీలో చిక్కుకుంటుంది. రిపీటర్ సంగతి చెప్పాలంటే, ఒకే చేత్తో బిందె అందుకుని మళ్లీ అదే చేత్తో పక్కవారికి అందించే మనిషి లాంటిది. చవక రకాలు ఒకే బ్యాండ్ మీద వినడం, చెప్పడం రెండూ చేయాలి కనుక వేగం సగానికి పడిపోయి ఆలస్యం పెరుగుతుంది. దానికి పెట్టే డబ్బుతో కింది రౌటర్ నుంచి పైగదికి ఒక క్యాట్ 6 తీగ లాగించండి. ఈ తీగ 100 మీటర్ల వరకు పని చేస్తుంది కనుక ఏ ఇంటికైనా సరిపోతుంది. కొనేటప్పుడు పూర్తి రాగి తీగ అని అడిగి తీసుకోండి. అల్యూమినియం మీద రాగి పూత పూసినది బజారులో చవకగా దొరుకుతుంది కానీ, వంపుల దగ్గర త్వరగా విరుగుతుంది. పాత గొట్టాల్లో కరెంటు వైర్లతో కలిపి దూర్చమని ఎలక్ట్రీషియన్ అంటే ఒప్పుకోవద్దు, గోడ అంచు వెంట విడిగా కేసింగ్ వేయించండి.

ఇంకొక్క విషయం చాలామంది గమనించరు. ఇంట్లో వారి ఫోన్లు తీసిన ఫొటోలను, వీడియోలను వైఫై దొరకగానే క్లౌడ్‌లోకి ఎక్కించడం మొదలుపెడతాయి. పెళ్లి నుంచి వచ్చిన మర్నాడు మీ కాల్స్ తెగడానికి అది కూడా కారణం కావచ్చు. పనివేళల్లో ఆ బ్యాకప్‌ను ఆపి ఉంచమని ఇంట్లో వారికి చెప్పండి.

ప్రశ్న: పొదిలిలో ఉంటాం. ఇన్వర్టర్, 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్నాయి. అయినా కరెంటు పోయినప్పుడల్లా మా డెస్క్‌టాప్ రీస్టార్ట్ అవుతోంది. ఈ బ్యాటరీ మీద ఎన్ని గంటలు పని చేసుకోవచ్చు? తుఫాను రోజుల్లో ఏం చేయాలి? (ఇంటి నుంచి అకౌంట్స్ పని చేసే గృహిణి)

జవాబు: మీ ఇన్వర్టర్ వెనుక గానీ ముందు గానీ యూపీఎస్, నార్మల్ అనే రెండు స్థానాల మీట ఒకటి ఉంటుంది, చూడండి. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారడానికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఫ్యాను, లైటు దాన్ని పట్టించుకోవు కానీ కంప్యూటర్ ఆగిపోతుంది. మీటను యూపీఎస్ స్థానానికి మార్చండి. దీనిలో ఒక ఇబ్బంది ఉన్నదని కూడా తెలిసి ఉండాలి. యూపీఎస్ స్థానంలో వోల్టేజీ సుమారు 180కి తగ్గగానే ఇన్వర్టర్ కరెంటు పోయినట్టే భావించి బ్యాటరీకి మారుతుంది. చుట్టుపక్కల మోటార్లు నడిచి వోల్టేజీ పడిపోయే వేళల్లో, వీధిలో కరెంటు ఉన్నా మీ బ్యాటరీ ఖర్చవుతూ ఉంటుంది. అలాంటి పరిస్థితి ఉంటే ఇన్వర్టర్‌ను నార్మల్‌లోనే ఉంచి, డెస్క్‌టాప్ ఒక్కదానికి చిన్న కంప్యూటర్ యూపీఎస్ పెట్టుకోవడం మేలు. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమైతే, తర్వాత మార్చేటప్పుడు ప్యూర్ సైన్ వేవ్ (వీధి కరెంటు లాంటి నున్నని కరెంటు ఇచ్చేది) రకమే తీసుకోండి.

ఇక గంటల లెక్క. బ్యాటరీ వోల్టేజీ 12ను దాని 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు)తో హెచ్చిస్తే 1800 వాట్ అవర్లు. ఇన్వర్టర్‌లో పోయేది, బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకుండా మిగల్చవలసింది తీసివేస్తే కొత్త బ్యాటరీలో మీ చేతికి వచ్చేది సుమారు 1100 అనుకోండి. ల్యాప్‌టాప్‌కు 55 వాట్లు, మానిటర్‌కు 25, రౌటర్‌కు 15, మామూలు సీలింగ్ ఫ్యానుకు 75, ఎల్‌ఈడీ బల్బుకు 10, మొత్తం 180 వాట్లు; అంటే 6 గంటలు. ఫ్యాను మార్చి 30 వాట్ల బీఎల్‌డీసీ రకం (తక్కువ కరెంటు తీసుకునే మోటారు ఉన్నది) పెట్టుకుంటే అదే బ్యాటరీ 8 గంటలు వస్తుంది. ఇంత చిన్న ఖర్చుతో రెండు గంటలు కలిసొచ్చే దారి నాకు తెలిసి మరొకటి లేదు. డెస్క్‌టాప్ అయితే వాడకం 100 వాట్లు దాటవచ్చు కనుక గంటలు తగ్గుతాయి. బ్యాటరీ మూడు నాలుగేళ్ల పాతదైతే ఈ లెక్కలో సగమే నమ్మండి. మన ఎండలకు బ్యాటరీలో నీరు త్వరగా తగ్గుతుంది. వేసవిలో తరచు చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి, బోరు నీళ్లు పోయకండి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫాను కాలం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు, ప్రకాశం జిల్లాలు కూడా గాలివానతో తల్లడిల్లిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి రోజుల్లో మీ ఇంట్లో ఇన్వర్టర్ పని చేస్తున్నా వీధిలోని నెట్ పరికరాల బ్యాటరీలు అయిపోయి ఫైబర్ ఆగిపోవచ్చు. అందుకని ఫోనులో రెండో సిమ్‌ను మీ బ్రాడ్‌బ్యాండ్ కంపెనీది కాకుండా వేరే కంపెనీది పెట్టుకోండి. హాట్‌స్పాట్ మీద పని చేసేటప్పుడు వీడియో ఆపి మాట మాత్రమే ఉంచితే, బలహీనమైన సిగ్నల్ మీద కూడా నెగ్గుకురావచ్చు. ఉరుములు మొదలవకముందే రౌటర్ అడాప్టర్‌ను సాకెట్ నుంచి తీసేయండి. ఫైబర్ గాజుతో చేసినది కనుక విద్యుత్తును మోయదు. పిడుగు దెబ్బ ఎక్కువగా అడాప్టర్ దారినే లోపలికి వస్తుంది.

ప్రశ్న: చీమకుర్తి ఫ్యాక్టరీలో పని చేసే మా బావగారు మిగిలిన గెలాక్సీ గ్రానైట్ పలక ఒకటి ఇస్తే, ఇనుప ఫ్రేము మీద వేసి టేబుల్ చేయించుకున్నాను. మౌస్ పాయింటర్ ఎగిరెగిరి పడుతోంది. కొత్త మౌస్ కొన్నా అదే తీరు.

జవాబు: మౌస్‌లో ఏ లోపమూ లేదు. అది తన కింది ఉపరితలాన్ని సెకనుకు వేల సార్లు ఫొటో తీసి, ఒక ఫొటోకూ మరో ఫొటోకూ ఉన్న తేడాను బట్టి ఎంత కదిలిందో లెక్కిస్తుంది. నున్నగా పాలిష్ పట్టిన నల్లరాయిలో దానికి గుర్తుపట్టగల గరుకుదనం కనిపించదు. పైగా గెలాక్సీలోని మెరుపు చుక్కలు దాని దీపపు వెలుగును ఎటుపడితే అటు తిప్పికొడతాయి. ఒక గుడ్డ మౌస్‌ప్యాడ్ వేసుకోండి, సమస్య తీరిపోతుంది. రాతి అంచు పదునుగా ఉంటే మణికట్టు దగ్గర ఒత్తుకుని రోజంతా టైపు చేసేవారికి నొప్పి వస్తుంది కనుక దాన్ని గుండ్రంగా అరగదీయించండి. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక 40 కిలోలు తూగుతుంది. ఫ్రేము కాళ్లకు అడ్డకమ్మీలు ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

ప్రశ్న: మాది నెల్లూరు దర్గామిట్ట. రొట్టెల పండగ రోజుల్లో మైకుల హోరు తట్టుకోలేక నాయిస్ క్యాన్సిలింగ్ బ్లూటూత్ హెడ్‌ఫోన్ కొన్నాను. నాకు బయటి శబ్దం తగ్గింది కానీ అవతలివారికి అంతా వినపడుతోందట. పైగా కాల్ మొదలవగానే నాకు వినిపించే శబ్దం పాత రేడియోలా అయిపోతోంది.

జవాబు: మీరు కొన్నది చెవికి రక్షణ, అది మైకుకు పెద్దగా పనికిరాదు. మీ వైపు హోరు అవతలికి పోకుండా ఆపవలసింది మీటింగ్ యాప్. జూమ్, టీమ్స్ రెండింటి ఆడియో సెట్టింగులలోనూ శబ్దాన్ని తగ్గించే నాయిస్ సప్రెషన్ లాంటి సెట్టింగు ఉంటుంది, దాన్ని అన్నిటికంటే ఎక్కువ స్థాయిలో పెట్టండి. ఫ్యాను, కుక్క, హారన్ల శబ్దాన్ని అది బాగానే తొలగిస్తుంది. పండగ మైకుల్లో వచ్చే పాటను, ప్రకటనను మాత్రం పూర్తిగా తీయలేదు, ఎందుకంటే అవి కూడా మనిషి గొంతులే.

రేడియో శబ్దానికి కారణం వేరు. చాలా బ్లూటూత్ హెడ్‌ఫోన్లు తమ మైకు పని చేయడం మొదలవగానే పాటల నాణ్యత నుంచి ఫోన్ కాల్ నాణ్యతకు దిగిపోతాయి. యాప్‌లో స్పీకరుగా హెడ్‌ఫోన్‌ను ఉంచి, మైకుగా ల్యాప్‌టాప్‌ను ఎంచుకుంటే అది పోతుంది. అయితే ల్యాప్‌టాప్ మైకు నోటికి దూరంగా ఉండి గది శబ్దమంతా పట్టుకుంటుంది. కాబట్టి మీ ఇంటికి సరైనది నోటి ముందుకు మైకు వంగి వచ్చే తీగ హెడ్‌సెట్. ఖరీదులో మీరు కొన్న దానికంటే తక్కువే ఉంటుంది. పండగ రోజుల్లో మైకును మ్యూట్‌లో ఉంచి, జూమ్‌లో స్పేస్ బార్ నొక్కి పట్టుకున్నంతసేపే మాట్లాడే అలవాటు చేసుకోండి.

ప్రశ్న: కందుకూరులో మేడ మీద రేకుల గదిలో పని చేస్తాను. మే నెల మధ్యాహ్నాలు ల్యాప్‌టాప్ బాగా నెమ్మదిస్తోంది. ర్యామ్ పెంచాలా?

జవాబు: చాలా ల్యాప్‌టాప్‌లు 35 డిగ్రీల వరకు ఉన్న గదిలో పని చేసేలా తయారవుతాయి. మే నెలలో రేకుల గది దాన్ని ఎప్పుడో దాటిపోతుంది. అప్పుడు ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. తెల్లవారుజామున బాగా నడిచి మధ్యాహ్నం మాత్రమే నెమ్మదిస్తే ర్యామ్ ఖర్చు వృథా. కూలింగ్ ప్యాడ్ కూడా ఆ వేడి గాలినే విసురుతుంది. లోపలి ఫ్యాను దుమ్ము తీయించి, ఎండ వేళకు కింది గదికి దిగండి.

ప్రశ్న: ఒంగోలు. ఇంట్లో ఖాళీగా ఉన్న 43 అంగుళాల టీవీని మానిటర్‌గా వాడవచ్చా?

జవాబు: వాడవచ్చు, కానీ రెండు విషయాలు చూడండి. టీవీ 4కే కాకుండా ఫుల్ హెచ్‌డీ అయితే అంత పెద్ద తెర మీద అక్షరాలు గరుకుగా కనిపించి, దగ్గర కూర్చుంటే కళ్లు అలసిపోతాయి. దానికంటే 24 అంగుళాల మానిటర్ నయం. టీవీ 4కే అయినా మీ ల్యాప్‌టాప్‌లోని హెచ్‌డీఎంఐ పోర్టు పాత 1.4 రకమైతే సెకనుకు 30 ఫ్రేములే వస్తాయి, మౌస్ వెనుకపడినట్టు అనిపిస్తుంది. టీవీ సెట్టింగులలో పీసీ మోడ్ ఉంటే దాన్ని, లేకపోతే గేమ్ మోడ్‌ను పెట్టి, ఒక ఎక్సెల్ షీటు తెరిచి అరగంట పని చేసి చూడండి. కళ్లు ఒప్పుకుంటే కొత్తది కొననవసరం లేదు.