ముందు ఆ కార్డు మీ చేతికి రానివ్వండి

నల్గొండ నుంచి 67 ఏళ్ల తల్లి రాసిన ఉత్తరం ఇది. టీచరుగా పనిచేసిన భర్త పోయి నాలుగేళ్లయింది. ఫ్యామిలీ పింఛను వస్తుంది, ఏటీఎం కార్డు కొడుకు దగ్గర ఉంటుంది. అరుణాచలం వెళ్లి గిరిప్రదక్షిణ చేయాలని ఆమె ఆశ. ఒక్కదాన్నే పోతానంటే "నీకేమన్న అయితే నలుగురు నన్నే అంటరు" అన్నాడట కొడుకు. "ఈ వయసుల ఆడమనిషి ఒంటరిగ పోవచ్చునా? వాణ్ని ఎట్ల ఒప్పియ్యాలె?" అని అడుగుతున్నారు.

అమ్మా, పోవచ్చు. ఒప్పించే పని పెట్టుకోకండి. నాకు గుచ్చుకున్నది వేరే. అరుణాచలం గురించి మూడు పేజీలు రాసిన మీరు, కార్డు సంగతి ఒక్క ముక్కలో దాటేశారు. సారు చేసిన సర్వీసుకు మీ పేరున పడుతున్న డబ్బు అది. మనవడి ఫీజుకు మీ చేత్తో తీసి ఇస్తే అందులో గౌరవం ఉంది. సొంత పింఛనులోంచి రెండొందలు కావాలన్నా కొడుకు ముఖం చూడాల్సి రావడంలో లేదు. మీ అబ్బాయి చెడ్డవాడని అనను. తండ్రి పోయిన కొత్తలో బ్యాంకు పనులు చూస్తూ తీసుకున్న కార్డు అతని దగ్గరే ఉండిపోయి ఉంటుంది. మీరూ అడగలేదు. ఇప్పుడు అతని భయం కన్నా ఆ అలవాటే మిమ్మల్ని ఎక్కువ ఆపుతోంది.

కాబట్టి ముందు అడగండి: "నాయినా, నా కార్డు నాకియ్యి. ఇంటి ఖర్చుకు నెలనెలా నేనే ఇస్త." వారం దాటినా ఇవ్వకపోతే పాస్‌బుక్కు, ఆధార్ పట్టుకుని బ్యాంకుకు వెళ్లి, పాత కార్డు ఆపి కొత్తది ఇమ్మని రాసివ్వండి. ఖాతాకు ఏ ఫోన్ నంబరు ఉందో అక్కడే అడగండి. చాలా ఇళ్లలో చిక్కు ఇక్కడే. నంబరు కొడుకుదైతే మెసేజులు, ఓటీపీలు అతనికే పోతాయి, కొత్త కార్డు వచ్చినా లెక్కంతా అతని ఫోన్లోనే ఉంటుంది. నంబరు మార్చమని ఇంకో కాగితం ఇవ్వండి. ఆధార్‌లోనూ అతని నంబరే ఉంటే ఆధార్ కేంద్రంలో వేలిముద్ర వేసి మీది పెట్టించండి.

తర్వాత ఒకరోజు ఒక్కరే యాదగిరిగుట్టకు పోయి రండి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు జీరో టికెట్టే కదా, ఆధార్ చూపిస్తే చాలు. మోకాళ్లు ఎంతవరకు ఓర్చుకుంటాయో, ఎంత బరువు మోయగలరో ఆ రోజు తెలుస్తుంది. సంచి అయిదు కిలోలు దాటనీయకండి.

అరుణాచలానికి నల్గొండలో సాయంత్రం నారాయణాద్రి రైలు ఎక్కండి. ఆ బండి తిరుపతిలోనే ఆగిపోతుంది కాబట్టి నిద్రలో స్టేషను దాటిపోతుందన్న బెంగ లేదు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. ఆడవాళ్లకు 45 దాటితే కింది బెర్తు కోటా ఉంది, అయితే టికెట్టు మీద ఒక్కరో ఇద్దరో ఉంటేనే. అంటే ఒంటరిగా పోవడం ఇక్కడ మీకు లాభమే. స్టేషన్ కౌంటర్లో ఫారం మీద వయసు సరిగ్గా రాసి, ఆ కోటాలో ఇమ్మని నోటితో కూడా చెప్పండి. పెద్దవాళ్ల చార్జీ రాయితీ 2020 మార్చిలో ఆపేశారు, పూర్తి చార్జీ లెక్కేసుకోండి. బండెక్కాక ఎవరైనా పై బెర్తుకు మారమంటే మారకండి.

తెల్లవారి తిరుపతిలో దిగి, స్నానం, టిఫిను అయ్యాక అదే పొద్దున బస్సెక్కండి. చిత్తూరు, వేలూరు మీదుగా అయిదారు గంటలు. మధ్యాహ్నం బయల్దేరితే తెలియని ఊళ్లో చీకటి పడ్డాక దిగాల్సి వస్తుంది. కండక్టరును "తిరువణ్ణామలై" అని అడగండి, అరుణాచలానికి అక్కడి పేరు అదే. గది ముందే ఫోన్లో మాట్లాడుకుని, ఒక్కదాన్నే వస్తున్నానని చెప్పండి. ఒంటరి మనిషికి గది ఇవ్వని సత్రాలు ఉన్నాయి, ఆ మాట గుమ్మం దగ్గర వినడం కష్టం.

ప్రదక్షిణ 14 కిలోమీటర్లు. పౌర్ణమి రాత్రి వద్దు, ఆ జనంలో పడితే లేవడం కష్టం. మామూలు రోజు తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడితే తారు రోడ్డు కాలకముందే చాలా దూరం నడిచేస్తారు. మోకాలు లాగితే అక్కడే ఆటో ఎక్కండి. బీపీ మాత్రలు రెండు రోజులవి ఎక్కువ పెట్టుకుని, సగం సంచిలో, సగం నడుముకు కట్టుకునే పర్సులో ఉంచండి.

తిరుగు బండి నల్గొండకు తెల్లారకముందే వస్తుంది, లింగంపల్లి దాకా పోతుంది. ఫోన్లో అలారం పెట్టుకోండి, రైల్వే నంబరు 139కి చేసి, స్టేషను వచ్చే ముందు లేపే అలర్టు కూడా అడగండి.

అబ్బాయికి టికెట్టు చేతికొచ్చాక చెప్పండి. పీఎన్ఆర్, బస చేసే చోటు ఫోన్ నంబరు కాగితం మీద రాసివ్వండి. రోజూ రాత్రి ఏడింటికి మీరే ఫోన్ చేస్తానని చెప్పి, తప్పకుండా చేయండి. తానూ వస్తానంటే వచ్చే ఏడాది రమ్మనండి. ఈసారి ఒక్కరే వెళ్లండి.