రెవిట్ కోర్సు ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మూడు నెలల రెవిట్ కోర్సు చేస్తే బిమ్ ఉద్యోగం ఖాయమని ఒక శిక్షణ సంస్థ చెబుతోంది. కంప్యూటర్ ముందు కూర్చోవడం సివిల్ పని కాదు, ముందు సైటుకు వెళ్లమని నాన్నగారు అంటున్నారు. నాకు కోడింగ్ అంటే కూడా ఇష్టం. ఏ దారి పట్టాలి?

జవాబు: సైటు విషయంలో మీ నాన్నగారి వైపే నేనూ. కంప్యూటర్ విషయంలో మాత్రం ఆయనతో ఏకీభవించలేను. భవనాన్ని కట్టకముందే కంప్యూటర్‌లో పూర్తిగా కట్టి చూడటం ఇప్పుడు సివిల్ పనిలో భాగమే. దాన్నే బిమ్ అంటారు, అందుకు వాడే సాఫ్ట్‌వేర్లలో ఒకటి రెవిట్.

బిమ్ మోడల్‌లో గోడ ఒట్టి బొమ్మ కాదు. దాని మందం, పదార్థం, మంటలను ఎంతసేపు తట్టుకుంటుందన్న వివరం, అన్నీ దానితోనే ఉంటాయి. వివరాలు నింపకుండా గోడ ఆకారాన్ని నిలబెట్టడం మూడు నెలల్లో ఎవరికైనా వస్తుంది. అంతవరకే నేర్చుకున్నవారికి పోటీ ఎక్కువ, ఎదుగుదల తక్కువ.

అసలు పని ఎలా ఉంటుందో చూడండి. ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ మోడళ్లను నేవిస్‌వర్క్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో కలిపి పరీక్షిస్తే, ఒకదానికొకటి అడ్డొచ్చే చోట్లు పెద్ద ప్రాజెక్టులో వేలల్లో తేలతాయి. కొత్తవారు ఆ సంఖ్య చూసి హడలిపోతారు. ఒక పైపుల వరుసను కాస్త కిందికి దించితే అందులో వందలు ఒకేసారి మాయమవుతాయని అనుభవమున్నవారికి తెలుసు. ఆ జాబితాలోకి అసలు రాని తప్పులే ఎక్కువ ప్రమాదం. ఏసీకి వెళ్లే చల్లటి నీటి పైపును గీసి, దాని చుట్టూ వేసే ఇన్సులేషన్‌ను గీయడం మరిచిపోయారనుకోండి. తెర మీద పైపు బీము కింద నుంచి హాయిగా పోతుంది, సైటులో పట్టదు. వాల్వు తిప్పడానికి చెయ్యి దూరుతుందా అన్నది మరో తలనొప్పి. పైపును బీములోంచే పంపాల్సి వస్తే, షియర్ (కోత బలం) ఎక్కువగా ఉండే ఆధారాల దగ్గర రంధ్రం పెట్టకూడదని మీ స్ట్రక్చర్స్ పాఠమే చెప్పాలి. అడ్డొచ్చిందని చెప్పడం వరకే ఈ కలిపి చూసే క్లాష్ పరీక్ష పని.

మోడల్ నుంచి తీసే కాంక్రీటు లాంటి పరిమాణాల లెక్కా అంతే. స్లాబు, బీము కలిసేచోట మోడల్‌లో సరిగా జోడించకపోతే అక్కడి కాంక్రీటు రెండుసార్లు లెక్కకు వస్తుంది. ఎస్టిమేషన్ చేత్తో వేసి చూసినవారికి ఆ అంకె చూడగానే అనుమానం వస్తుంది.

కాబట్టి సెలవుల్లో సైటుకు వెళ్లండి. ముఖ్యంగా స్లాబు వేయడానికి ముందురోజు వెళ్లి, పైపులు దూరడానికి కాంక్రీటులో ఖాళీ వదిలే స్లీవులు ఎక్కడ పెట్టారో, డ్రాయింగులో ఎక్కడున్నాయో పోల్చి చూడండి. రెవిట్‌ను విద్యార్థులకు దాని తయారీ సంస్థ ఆటోడెస్క్ ఉచితంగానే ఇస్తుంది, ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. కోర్సులో చేరాలనే ఉంటే, పరిమాణాలు తీయడం, మోడళ్లను సమన్వయం చేయడం నేర్పుతారా అని ముందే అడగండి. ‘ఉద్యోగం ఖాయం’ అన్న మాటను నమ్మి డబ్బు కట్టవద్దు.

కోడింగ్ ఇష్టమన్నారు కదా, మిగతావారికంటే మీరు ముందుండేది అక్కడే. పైథాన్ నేర్చుకోండి. బిమ్ మోడళ్లకు ఏ ఒక్క కంపెనీకీ కట్టుబడని ఐఎఫ్‌సీ అనే ఫైలు పద్ధతి ఉంది, దాని ప్రమాణం ఐఎస్ఓ 16739. ఐఎఫ్‌సీ ఓపెన్‌షెల్ అనే ఉచిత లైబ్రరీతో ఆ ఫైళ్లను చదవవచ్చు. ఒక నమూనా భవనం ఫైలు తీసుకుని, అగ్నినిరోధక వివరం ఖాళీగా ఉన్న తలుపులన్నిటినీ అంతస్తులవారీగా చూపే చిన్న ప్రోగ్రాం రాయండి. ఎవరు, ఎప్పుడు, ఏ సమాచారం అందించాలో చెప్పే ఐఎస్ఓ 19650 ప్రమాణాన్ని కూడా ఒకసారి తిరగేయండి. చదవడానికి విసుగే, కానీ బిమ్ ఇంటర్వ్యూల్లో ఆ పేరు వినిపిస్తుంది.

ఇంటర్వ్యూకు రంగురంగుల భవనం బొమ్మలు పట్టుకెళ్లే బదులు ఆ తలుపుల జాబితా, సైటులో మీరు పోల్చి చూసిన స్లీవుల వివరాలు తీసుకెళ్లండి.