సంస్కరణ వార్షికోత్సవాన్ని నేటి చర్చిలు ఎలా జరుపుకోవాలి?

1517 అక్టోబరు 31న జర్మన్ మతగురువు మార్టిన్ లూథర్ కాథలిక్ చర్చి పోకడలను ప్రశ్నిస్తూ 95 వాదాంశాలను వెలువరించాడు. ప్రొటెస్టంట్ శాఖ పుట్టుకకు దారితీసిన సంస్కరణకు నాంది అయిన ఆ ఘట్టాన్ని ప్రొటెస్టంట్ సంఘాలు ఏటా తలుచుకుంటాయి. అది విజయోత్సవమా, పశ్చాత్తాప దినమా? నా ఉద్దేశంలో రెండూ ఉండాలి, జయజయధ్వానాల పాలు మాత్రం తగ్గాలి.

ప్రజల భాషలో బైబిలు, సభంతా కలిసి పాడే కీర్తనలు, కృప వల్లనే రక్షణ అన్న బోధ: వీటికి కృతజ్ఞత చెప్పడం సబబే. పొగడ్తల ప్రసంగం కన్నా, ఆ రోజు సభంతా వాక్యం చదివి పాడితే మేలు.

అయితే అదే లూథర్ 1543లో యూదులపై విషం కక్కుతూ పుస్తకం రాశాడు. విశ్వసించాక తీసుకునే బాప్తిస్మమే చెల్లుతుందన్న అనాబాప్టిస్టులను కాథలిక్కులే కాదు, ప్రొటెస్టంట్ పాలకులూ చంపించారు. ఈ సంగతి దాటేసే వేడుక సగం అబద్ధమే. లూథరన్ ప్రపంచ సమాఖ్య 2010లో అనాబాప్టిస్టుల వారసులైన మెన్నోనైట్లను క్షమాపణ కోరింది. 2016లో స్వీడన్‌లోని లుండ్‌లో పోప్ ఫ్రాన్సిస్‌తో కలిసి ప్రార్థన జరిపింది. స్థానిక సంఘాలూ పొరుగు కాథలిక్కులను పిలవవచ్చు. సిద్ధాంత భేదాలను దాచనక్కర్లేదు.

పిల్లల నాటకంలో సుత్తి, మేకులు ఉంటే ఉండనివ్వండి. లూథర్ నిజంగా ఆ వాదాంశాలను చర్చి తలుపుకు మేకులతో కొట్టాడా అన్నది మాత్రం చరిత్రకారుల మధ్య ఇంకా తేలలేదు.